పెద్దత్తయ్య చీర చిరిగింది, అమ్మిన డబ్బు అద్దెకు పోయింది

ప్రశ్న: అక్కా, మాది గుంటూరు. ఎనిమిది నెలల కిందట రెండు గదుల పోర్షన్ 9,000కి అద్దెకు తీసుకుని, వాడిన మంచి బట్టలు అమ్మిపెట్టే షాపు మొదలుపెట్టాను. ఒకటి రెండుసార్లు కట్టి బీరువాలో పెట్టేసిన పట్టుచీరలు, పిల్లల లంగాలు, లెహంగాలు తెచ్చి ఇస్తారు. అమ్ముడైతే 60 శాతం వాళ్లకి, 40 శాతం నాకు. ఇప్పటిదాకా 112 అమ్మాను, మొత్తం 2,24,000 వచ్చింది. తెచ్చినవాళ్లలో 23 మందికి ఇంకా 84,000 ఇవ్వాలి. నా దగ్గర 31,000 మాత్రమే ఉంది. మిగతాది అద్దెకు, ఏసీ కరెంటుకు, హ్యాంగర్లకు, అద్దాలకు పోయింది. షాపులో ఇంకా 340 బట్టలున్నాయి. ఇంతలో ఒకావిడ మా పెద్దత్తయ్యగారి కంచిపట్టు చీర కట్టి చూసుకుంటుంటే మడత మీద జానెడు చిరిగింది. అది 22 ఏళ్ల నాటి చీర, 7,000 ధర వేశాను. పెద్దత్తయ్య 25,000 ఇమ్మంటున్నారు. మావారేమో షాపు మూసెయ్యమంటున్నారు. ఏం చెయ్యను?
(పేరు వద్దన్న పాఠకురాలు)

సమాధానం:

అమ్మా,

ముందు ఆ 84,000 సంగతి చూద్దాం. చీర సంగతి తర్వాత. మూసెయ్యాలా వద్దా అన్నది ఆఖర్న.

సికింద్రాబాద్‌లో నేను పదమూడేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. మొదటి రెండేళ్లు మీరు చేసిన తప్పే చేశాను, అందుకే మొహమాటం లేకుండా చెప్తాను. 6,000కి ఒక చీర అమ్మితే గల్లాపెట్టెలో 6,000 పడుతుంది. చూడ్డానికి అంతా మన అమ్మకమే. కానీ అందులో మీది 2,400. తక్కిన 3,600 ఆ చీర తెచ్చినావిడది, మీ దగ్గర దాచుకున్నట్టే. కొత్త బట్టల షాపువాళ్లు సూరత్‌లోనో కంచిలోనో సరుకు అప్పు తెచ్చుకుంటే, ఇచ్చినవాడికి తను అప్పిచ్చానని తెలుసు, గడువు తెలుసు, గట్టిగా అడగడమూ తెలుసు. మనకు అప్పిచ్చినవాళ్లు పక్క ఫ్లాటు ఆవిడా, పిల్లల స్కూల్ టీచరూ. వాళ్లలో సగం మందికి తమ చీర అమ్ముడైపోయిందనే తెలియదు. ఔనా? ఆ సంగతి మీరు చెప్పి ఉండరు. చెప్తే డబ్బు ఇవ్వాలి కదా అని ఫోను పక్కన పెట్టేసి ఉంటారు. నేనూ పెట్టాను.

మీరు రాసిన లెక్కే కాగితం మీద వేసి చూశాను. 2,24,000లో మీ 40 శాతం 89,600. తెచ్చినవాళ్లది 1,34,400. అందులో 84,000 బాకీ అంటే 50,400 ఇచ్చేశారు. వచ్చిన డబ్బులో ఇచ్చింది తీసేస్తే 1,73,600, చేతిలో ఉన్నది 31,000. అంటే షాపు ఖర్చు ఎనిమిది నెలలకు 1,42,600. నెలకు 17,800 పైచిలుకు. మీ వాటా మాత్రం నెలకు 11,200. నెల నెలా 6,600 చిల్లర తగ్గింది, ఎనిమిది నెలల్లో సరిగ్గా 53,000 అయింది. ఇప్పుడు మీకు తక్కువ పడినదీ అంతే. ఆ డబ్బు మీరు పాడుచేసిందేమీ లేదు. షాపు ఖర్చు షాపు సంపాదన కన్నా ఎక్కువ, ఆ తేడా ఈ 23 మంది భరించారు. వాళ్లకు తెలియకుండా భరించారన్నదే అసలు బాధ.

ఆ 53,000 రేపటి అమ్మకాల్లోంచి తీర్చేద్దామని అనుకోకండి. రేపు అమ్మబోయేవీ ఎవరో ఒకరి చీరలే. ఈ నెల వాళ్ల డబ్బు పోయిన నెల వాళ్లకిస్తూ పోతే ఎక్కడ తేలతారో, చీటీలు నడిపి మునిగినవాళ్లను చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఇంట్లో గాజులుంటే బ్యాంకులో పెట్టి బంగారం మీద రుణం తీసుకోండి. బయట వడ్డీకి తేకండి. అలా తెచ్చి ఆ 23 మందికీ ఒకే వారంలో ఇచ్చేయండి. రుణం మొత్తం ఒకేసారి కుదరకపోతే, ముందు చేతిలో ఉన్న 31,000 ఇవ్వండి, పుస్తకంలో అందరికన్నా ముందు అమ్ముడైన తేదీ ఎవరిదో వాళ్లతో మొదలుపెట్టండి. గట్టిగా అడిగేవాళ్లకు ముందు ఇచ్చి, నోరు లేనివాళ్లను ఆపడం మాత్రం వద్దు. మన పనిలో ఆ నోరు లేనివాళ్లే మళ్లీ మళ్లీ బట్టలు తెస్తారు.

ఫోనులో కథలు చెప్పకండి. "మీ ఆకుపచ్చ గద్వాల చీర ఫలానా తేదీన 4,500కి అమ్మాను, మీకు 2,700 రావాలి, ఆలస్యం చేసింది నేనే, ఫలానా రోజు మీ ఖాతాలో వేస్తాను." అంతే. ఆ రోజుకు వెయ్యండి. కోప్పడేవాళ్లుంటారు, కోప్పడనివ్వండి.

ఆ తర్వాత నుంచి మీ బ్యాంకులోనే ఇంకో సేవింగ్స్ ఖాతా తెరిచి, రోజూ షట్టర్ దించేముందు ఆ రోజు అమ్మకంలో 60 శాతం అందులోకి పంపండి. ఆ ఖాతాకు ఏటీఎం కార్డు తీసుకోకండి, ఫోన్లో చెల్లింపులకు జోడించకండి. నేను ప్రతి నెలా 10వ తేదీన అందరికీ ఇచ్చేస్తాను, అమ్మగానే ఆ రోజే మెసేజ్ పెడతాను. ఒకసారి 10వ తేదీ దాటి రెండు రోజులైతే ఒక పెద్దావిడ ఫోన్ చేసి "ఒంట్లో బాగుందా అమ్మా?" అని అడిగింది. డబ్బు ఊసెత్తలేదు. ఆ ఫోను నాకు ఇప్పటికీ గుర్తే.

ఇక పెద్దత్తయ్యగారి చీర.

పట్టు కూడా వయసు మీద పడే వస్తువే. ఇరవై ఏళ్లు ఒకే మడత మీద, ప్లాస్టిక్ కవర్లో, నాఫ్తలీన్ ఉండల పక్కన పడి ఉన్న చీర పైకి కొత్తగానే మెరుస్తుంది, మడత గీత దగ్గర మాత్రం పోగులు లోపల్లోపల విరిగిపోయి ఉంటాయి. అలాంటి చీర నడుముకు దోపి, కుచ్చిళ్లు పోసి బిగించగానే చిరుగుతుంది. కొనడానికొచ్చినావిడ తప్పేమీ లేదు, ఆవిడను ఒక్క మాట కూడా అనకండి. ఆ లోపాన్ని, చీర తీసుకునే రోజే మనం పట్టుకోవాల్సింది.

ఎలా పట్టుకోవాలో చెప్తాను. ట్యూబులైటు కింద మంచం మీద పరిచి చూస్తే ఏమీ తెలియదు. పగటిపూట కిటికీ దగ్గర చీర మడత విప్పి, ఆ మడత గీత వెలుతురుకు అడ్డంగా వచ్చేట్టు రెండు చేతులతో ఎత్తి పట్టుకోండి. గీత పొడవునా చిన్నచిన్న చుక్కలుగా వెలుతురు దిగితే, జల్లెడ పట్టినట్టు కనిపిస్తే, ఆ చీర వెనక్కి ఇచ్చేయాల్సిందే. వెలుతురు దిగకపోయినా అక్కడితో ఆపకండి. గీతకు అటూ ఇటూ రెండు బొటనవేళ్లు ఆనించి, పిల్లల బుగ్గ లాగినంత మెత్తగా లాగండి. పోగులు పక్కకు జరిగితే, సన్నగా కిర్రుమంటే, వద్దనండి. తర్వాత భుజం మీద పిన్ను పెట్టే చోటు చూడండి, మంచి చీరలు ముందు చిరిగేది అక్కడే. తర్వాత ఫాల్. ఫాల్ కుట్టిన చీరకు అడుగు అంచు బాగానే ఉందనుకుంటాం. ఒక జానెడు కుట్టు విప్పి కింద ఏముందో చూడాల్సిందే. మడమ తగిలి చిరిగిన చోట్లన్నీ ఫాల్ కింద దాక్కుంటాయి. నడుము దగ్గర చెమట గీతలు, కొంగు మీద సెంటు కొట్టిన మచ్చలు చూడండి. ఆఖర్న ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి. కొనేవాళ్లు చీర విప్పగానే చేసే మొదటి పని అదే.

అసలు పట్టేనా అని అనుమానం వస్తే, తెచ్చినావిడను అడిగి కొంగు చివర నుంచి ఒక్క పోగు లాగి వెలిగించండి. పట్టయితే జుట్టు కాలిన వాసన వస్తుంది, నలిపితే బూడిద రాలుతుంది. సింథటిక్ అయితే కరిగి గట్టి ఉండ కడుతుంది. కేంద్ర పట్టు మండలి వాళ్ల సిల్క్ మార్క్ 2004లో వచ్చింది. ఆ ట్యాగ్ దాచుకున్నవాళ్లు అరుదు, దాచుకుంటే మాత్రం తెమ్మనండి, ధర నిలబడుతుంది.

పెద్దత్తయ్యగారికి ఎంత ఇవ్వాలి అన్నదానికి వస్తే, 25,000 న్యాయం కాదు. మనకు అప్పగించిన వస్తువును మామూలు వివేకమున్న మనిషి తన సొంత వస్తువును చూసుకున్నంత జాగ్రత్తగా చూసుకోవాలన్నది 1872 నాటి కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్ మాట. అంత జాగ్రత్త పడ్డాక కూడా పాడైతే, వేరే ఒప్పందం లేనప్పుడు, మన బాధ్యత లేదని ఆ పక్క సెక్షన్ చెప్తుంది. కానీ మీరు తీసుకునేటప్పుడు వెలుతురులో చూడలేదు. పైగా ఇది కోర్టుకెక్కే సంగతి కాదు, రేపు సంక్రాంతికి ఒకే పంక్తిలో కూర్చుని తినాల్సినవాళ్లు. 7,000కి అమ్ముడై ఉంటే ఆవిడకు 4,200 ముట్టేది. ఆ 4,200 ఇవ్వండి, చీర కూడా ఆవిడకే తిరిగి ఇవ్వండి. ఫోనులో తేల్చకండి. మీవారిని వెంటబెట్టుకుని ఇంటికెళ్లి, పళ్లు పట్టుకెళ్లి, ఆవిడ అనాల్సిందంతా అన్నాక చెప్పండి. ఆ 25,000లో చీర ధర ఎంతో, ఆ చీర కట్టుకున్న రోజు విలువ ఎంతో మనకు తెలియదు. అది ఎప్పటి చీర, ఎవరు పెట్టారు అని ఒక్కసారి అడిగి చూడండి.

ఇంకో సంగతి. ఆ చీర చెత్తయిపోలేదు. 22 ఏళ్ల కిందటి కంచిపట్టులో వెండి జరీ ఉండే అవకాశముంది. కొంగు చివర జరీ పోగు ఒకటి గోటితో గీకి చూడండి, పైపూత, వెండి లేచి లోపల ఎర్రటి పట్టు దారం బయటపడితే మంచి జరీ. రాగి రంగు తేలితే మామూలుది. పాత జరీ చీరలు కొంటామంటూ వీధుల్లోకి వచ్చేవాళ్లు ఆ వెండి కోసమే కొంటారు. వాళ్లకు ఇవ్వమని కాదు, దాని విలువ మీకూ పెద్దత్తయ్యకూ తెలియాలని చెప్తున్నాను. ఇకముందు కూడా ఎవరైనా అమ్మమ్మ చీర తెచ్చి 2,000కి అమ్మిపెట్టమంటే, ముందు జరీ చూసి, ఉన్న సంగతి వాళ్లకు చెప్పాకే ధర వెయ్యండి. తెలియనివాళ్ల దగ్గర తెలిసినవాళ్లు లాభం తీసుకుంటే ఆ షాపు పేరు ఏడాదిలో ఊరంతా తెలుస్తుంది.

ఇప్పుడు ఆ 340 బట్టలు. ఇది చదువుతుంటే నాకు కళ్లు తిరిగాయి. నెలకు 14 అమ్మే షాపులో 340 ఉంటే, కొత్తది ఒక్కటి తీసుకోకపోయినా రెండేళ్లు పడుతుంది. ఇన్నెలా వచ్చాయో నాకు తెలుసు. పిన్నిగారు సంచీ నిండా తెస్తారు, అందులో రెండు మంచివి, పదిహేను పనికిరానివి. వద్దంటే ఏమనుకుంటారోనని మొత్తం తీసుకున్నారు. ఈ పనిలో అన్నిటికన్నా కష్టం ఆ బల్ల దగ్గర నిలబడి "ఇవి వద్దమ్మా" అనడం. నాకది రావడానికి మూడేళ్లు పట్టింది. ఇప్పుడు నేను అనే మాట ఇది: "పిన్నీ, ఇది మంచి చీరే, నా దగ్గర మాత్రం అమ్ముడవదు. ఊరికే నాలుగు నెలలు వేలాడి మాసిపోతుంది." అబద్ధం లేదు, ఎవరూ నొచ్చుకోరు.

మన షాపుల్లో కదిలేవి పిల్లల పట్టులంగా జాకెట్లు. పిల్ల రెండు పండగలు కట్టేలోపు పొట్టిదైపోతుంది, లంగా కొత్తగానే ఉంటుంది. ఓణీల ఫంక్షన్‌కు కుట్టించిన సెట్లు, ఒక్క రిసెప్షన్‌కు వాడిన లెహంగాలు కూడా పోతాయి, కానీ లోపల కుట్టు దగ్గర రెండంగుళాలైనా గుడ్డ వదిలి ఉంటేనే. తిప్పి చూడండి, మిగులు గుడ్డ లేకపోతే ఆ లెహంగా ఇంకొకరి ఒంటికి పట్టదు. గద్వాల, ధర్మవరం, ఉప్పాడ, వెంకటగిరి, కంచి చీరల్లో 2,500 నుంచి 6,000 మధ్య పలికేవి నిలవవు. పెళ్లికి వెళ్లేవాళ్లు ఒక పూట కోసం అంతకన్నా పెట్టరు.

కదలనివి: ఆఫీసు కుర్తీలు, మగవాళ్ల చొక్కాలు, రాళ్లు ఊడిన జార్జెట్లు, విడి జాకెట్లు. 200 పలికే కుర్తీకి మీకు మిగిలేది 80. దానికీ ఒక హ్యాంగర్, ఒక ట్యాగ్, పుస్తకంలో ఒక వరస, 6,000 చీరకు పట్టినంత పనే. పిల్లల లంగాలు తప్ప 1,000 లోపు పలికేవి నేను తీసుకోను. తలంబ్రాల చీరలు కూడా తీసుకోను. పసుపు మరకల వల్ల కాదు, రోలింగ్‌కు, అంటే చీర శుభ్రం చేసి మెరుగుపెట్టేవాళ్లకు ఇస్తే, కొంత పోతుంది. పెళ్లి చీర అమ్మకానికి పెట్టిందంటే ఏమైందో అని కొనేవాళ్ల మనసు అక్కడే ఆగిపోతుంది. పోయినవాళ్ల చీరలు కూతుళ్లు తెస్తారు. అవి మాత్రం తీసుకుంటాను, వేరే అరలో పెడతాను, అడిగినా అడగకపోయినా కొనేవాళ్లకు చెప్పే అమ్ముతాను. వద్దనేవాళ్లు వద్దంటారు. అలాంటి నేత ఇప్పుడు దొరకదని వెతుక్కుంటూ వచ్చి పట్టుకెళ్లేవాళ్లూ ఉన్నారు.

మీ 340లోంచి 150 ఉంచి మిగతావి ఎవరివి వాళ్లకు తిరిగి ఇచ్చేయండి. తీసుకెళ్లమంటే కొందరు "మీరే ఎవరికైనా ఇచ్చేయండి" అంటారు. ఆ మాట మెసేజ్‌లో రాయించుకున్నాకే ఇవ్వండి. నోటిమాట మీద ఇచ్చేస్తే, ఆర్నెల్ల తర్వాత "నా నీలం చీరేదీ?" అని వస్తారు. మెత్తటి నూలు చీరలైతే బొంతలు కుట్టేవాళ్లు సంతోషంగా తీసుకుంటారు.

నేను బాగా దెబ్బతిన్న చోటు ఒకటి చెప్పాలి. మొదటి ఏడాది ఒక అమ్మాయి మంచి మామిడిపండు రంగు చీర తెచ్చింది. 5,500కి అమ్మాను, డబ్బు ఇచ్చేశాను. నెల తర్వాత ఒక పెద్దావిడ వచ్చి షాపంతా చూసి, "మా కోడలు ఇక్కడే ఇచ్చిందట, నా చీర ఏదమ్మా?" అంది. చీర అత్తగారిదట. తనది కానిది అమ్మితే కొన్నవాళ్లకు కూడా హక్కు రాదని 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం 27వ సెక్షన్‌లో ఉంది, కొన్ని మినహాయింపులతో. అప్పుడు నాకు చట్టమూ తెలియదు, మినహాయింపులూ తెలియవు. కొన్నావిడ ఇంటికి వెళ్లి, 5,500 చేతిలో పెట్టి, బతిమాలి చీర తెచ్చిచ్చాను. ఆ కోడలు మళ్లీ కనిపించలేదు.

అప్పటినుంచి చీర విప్పేముందు ఒకటే అడుగుతాను: "ఇది మీకు ఎవరు పెట్టారమ్మా?" తన చీర తెచ్చినావిడ గబగబా చెప్పేస్తుంది, మా మేనత్త పెట్టింది, గృహప్రవేశానికి కొన్నాను అని. తనది కానివాళ్లు ఒక్క క్షణం ఆగుతారు. ఆ ఆగడం మీరే గుర్తుపడతారు. సంతకం, ఆధార్‌లో చివరి నాలుగంకెలు, "ఇది నా సొంతం" అన్న ఒక్క వాక్యం రాయించుకోవడం కూడా ఉంది, కానీ ఈ ప్రశ్న పట్టుకున్నంత ఆ కాగితం పట్టుకోలేదు.

అదే ప్రశ్న ఇంకో పనికొస్తుంది. మన దగ్గర చీరలు సగం కొన్నవి కావు, పెట్టినవి. పెళ్లిలో, శ్రీమంతంలో, గృహప్రవేశంలో ఎవరో ఒకరు పెట్టినవి. ఆ పెట్టినావిడ అదే ఊళ్లో ఉంటుంది. గుంటూరులాంటి ఊళ్లో మీరు చీర ఫొటో స్టేటస్‌లో పెడితే, సాయంత్రానికల్లా ఆ చీర పెట్టిన వదినగారు చూస్తారు, గుర్తుపడతారు, తెచ్చినావిడకు పుట్టింటికీ అత్తింటికీ మధ్య కొత్త తగాదా మొదలవుతుంది. అందుకే ఫొటో పెట్టే ముందు ప్రతిసారీ అడగండి, వద్దన్నవి లోపలి గదిలోనే ఉంచండి. ఎవరి చీర ఎవరు కొన్నారో మీ నోట్లోంచి ఎప్పుడూ రాకూడదు, తోడికోడలికి కూడా. ట్యాగ్ మీద పేరు వద్దు, అంకె మాత్రమే వెయ్యండి. ఆ అంకె ఎవరిదో చెప్పే పుస్తకం తాళం లోపల ఉండాలి. హైదరాబాద్‌లో పాత సామాన్ల సంత జుమ్మెరాత్ బజార్లో పాత బట్ట కొనడానికి ఎవరి పేరూ ఎవరికీ అక్కర్లేదు. మన దగ్గరికి వచ్చేవాళ్లు మాత్రం పరువుతో వస్తారు, అమ్మేవాళ్లూ అంతే, కొనేవాళ్లూ అంతే.

గడువు గురించి మీరు రాయలేదు, అంటే పెట్టుకోలేదేమో. నేను మొదట 90 రోజులు పెట్టుకుని బోల్తాపడ్డాను. జ్యేష్ఠం ఆఖర్న తెచ్చిన చీరకు 90 రోజులంటే ఆషాఢం, శ్రావణం, భాద్రపదం. ఆషాఢంలో పెళ్లిళ్లు లేవు, పైగా పెద్ద షాపులన్నీ తగ్గింపులు పెట్టి కొత్త చీరే మన ధరకు దగ్గరగా ఇస్తాయి. భాద్రపదంలో ముహూర్తాలుండవు. మిగిలింది శ్రావణం, అందులోనూ వరలక్ష్మీ వ్రతానికి కొత్త చీరే కొంటారు, పెళ్లిళ్లకు వెళ్లేవాళ్లే మన దగ్గరికి వస్తారు. మూఢం వచ్చిన ఏడు ఇంకా కష్టం. అందుకే ఇప్పుడు 120 రోజులు పెట్టుకున్నాను, పంచాంగం పక్కన పెట్టుకుని తేదీ రాస్తాను. 60 రోజులకు అమ్ముడవకపోతే 20 శాతం తగ్గిస్తానని ముందే చెప్తాను. 6,000 చీర 4,800 అయితే వాళ్లకు 2,880, నాకు 1,920. తగ్గింపు ఇద్దరం భరిస్తాం. ఈ మాట ముందు చెప్పకపోతే "నన్నడక్కుండా ఎలా తగ్గించావు?" అన్న గొడవ తప్పదు.

ధర వేసేటప్పుడు వాళ్లు ఎంతకు కొన్నారన్నది లెక్కలోకి తీసుకోకండి. అదే చీర ఇవాళ షాపులో కొత్తది ఎంతుందో దాంట్లో మూడోవంతు, ఏ లోపమూ లేకపోతే. ఎవరైనా "18,000 పెట్టి కొన్నాను" అంటే విని ఊరుకోండి, వాదించకండి. రోలింగ్ ఖర్చు తెచ్చినవాళ్లదే. కాదంటే వాళ్లనే చేయించుకుని తెమ్మనండి.

ఇవన్నీ ఒక్క పేజీలో తెలుగులో రాసి, రెండు ప్రతులు తీసి, సంతకం చేయించి ఒకటి వాళ్లకివ్వండి: వాటా, గడువు, తగ్గింపు, రోలింగ్, డబ్బు ఇచ్చే తేదీ. పాత చీర మడత దగ్గర చిరిగితే ఎవరు భరించాలన్నది కూడా అందులోనే ఉండాలి. ఈ ఆఖరిది పెద్దత్తయ్యగారి పేరు చెప్పకుండా ఆవిడ పుణ్యమా అని పెట్టుకున్నట్టు అనుకోండి.

పన్ను గురించి క్లుప్తంగా. మీ అమ్మకానికి ఇప్పుడు జీఎస్టీ భయం లేదు. సరుకు మాత్రమే అమ్మేవాళ్లకు ఆంధ్రలో ఏడాదికి 40 లక్షలు, మా తెలంగాణలో 20 లక్షలు దాటితేనే రిజిస్ట్రేషన్. మీ కమీషన్‌ను సేవ కింద లెక్కగడితే అక్కడా 20 లక్షలే. అయితే హైదరాబాద్ నుంచి ఎవరైనా ఫొటో చూసి అడిగారని పార్శిల్ చేసే ముందు ఊళ్లో అకౌంటెంట్‌ను అడగండి. రాష్ట్రం దాటి సరుకు అమ్మితే ఈ పరిమితులు మామూలుగా వర్తించవు, 2014కి ముందులా గుంటూరూ హైదరాబాదూ ఒకే రాష్ట్రం కాదు. నగరపాలక సంస్థ ట్రేడ్ లైసెన్స్ తీసుకోకపోతే తీసుకోండి.

ఇక మీవారి మాట. ఆయన మూసెయ్యమనడం నాకు తప్పుగా తోచలేదు. బాకీలు దాచిపెట్టిన ఇంట్లో ఎవరైనా అదే అంటారు. నేను పైన వేసిన లెక్క ఆయన ముందు పెట్టి, నెలకు 6,600 ఎలా తగ్గిందో చూపించండి. ఖర్చు 17,800 నుంచి 12,000కి దింపగలరా అని ఇద్దరూ కూర్చుని చూడండి. గురువారం నుంచి ఆదివారం దాకా నాలుగు రోజులే తెరవండి, మిగతా మూడు రోజులు ఏసీ, కరెంటు మిగులుతాయి. అద్దాలు, హ్యాంగర్లు మళ్లీ కొనేవి కావు. 12,000 ఖర్చయితే నెలకు 30,000 అమ్మకం చాలు, 2,500 చొప్పున 12 చీరలు. మంచి 150 బట్టలున్న షాపుకు అది అందే అంకే.

పెళ్లిళ్లున్న రెండు నెలలు వరసగా చూడండి. ఆ రెండు నెలల్లో కూడా మీ వాటా ఖర్చును అందుకోకపోతే అప్పుడు మూసెయ్యండి, నేనే మూసెయ్యమంటాను. కొత్త బట్టల షాపు మూస్తే సరుకు మీద పెట్టిన డబ్బు మునుగుతుంది. మన షాపు మూస్తే ఎవరి బట్టలు వాళ్లకు ఇచ్చేసి, వేరే ఖాతాలో ఉన్న డబ్బు పంచేసి, తాళం ఇంటివాళ్లకిచ్చి రావచ్చు. ఆ ఖాతా ముట్టుకోకుండా ఉంటే.

ఆ 23 మందికి ఫోన్లు ఈ ఆదివారం లోపు అయిపోవాలి. పెద్దత్తయ్యగారింటికి వెళ్లేముందు ఆ చీర ఒకసారి పరిచి, చిరుగు కొంగు నుంచి ఎన్ని మూరల దూరంలో ఉందో, అంచు దాకా వచ్చిందో లేదో కొలిచి నాకు రాయండి. అంచుతో కలిపి మూడు మీటర్లు గట్టిగా ఉన్న ముక్క వస్తే ఎనిమిదేళ్ల పిల్లకు నిండైన లంగా అవుతుంది. ఆవిడకు మనవరాళ్లున్నారా?